పెన్షన్ పాట్ ఒకేసారి తీయాలా, ఏడాదికి కొంత తీయాలా? బ్రిటన్‌లోని మనవాళ్లకు ఒక లెక్క

మా బావగారు ఈ మార్చి నెలాఖరుకి ఉద్యోగం మానేశారు. ఆయనకు 62. మొన్న ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్తే, ఇంకా చేతులు కడుక్కోకముందే పెన్షన్ కంపెనీ నుంచి వచ్చిన కవరు నా ముందు పెట్టారు. "ఎనభై వేలు ఉందటోయ్. మొత్తం ఒక్కసారే లాగేద్దామా, లేకపోతే స్టేట్ పెన్షన్ మొదలయ్యేదాకా ముట్టుకోకుండా ఉంచేద్దామా?" అక్కయ్య వంటింట్లోంచే తీర్పు చెప్పేసింది: "ముట్టుకుంటే టాక్స్ పట్టుకుపోతారట. ఉండనివ్వండి."

ఆ కవరు వెనకాలే లెక్క వేశాం. మొత్తం ఒకే ఏడాదిలో తీస్తే పన్ను 11,432 పౌండ్లు. ప్రభుత్వమిచ్చే పూర్తి స్టేట్ పెన్షన్ వచ్చేదాకా ఆగి, అప్పట్నుంచి కొంచెం కొంచెం తీసుకుంటే అంతా కలిపి పన్ను దాదాపు 12,000. తొందరపడినా, ఓపిక పట్టినా పోయేది ఇంచుమించు ఒకటే. ఈ రెంటికీ మధ్యలో ఇంకో దారి ఉంది. అందులో పన్ను సున్నా.

నేను ఐటీ కాంట్రాక్టర్‌ని, లైసెన్సు ఉన్న ఫైనాన్షియల్ అడ్వైజర్‌ని కాను. ఇక్కడి లెక్కలన్నీ 2026-27 రేట్ల ప్రకారం, పాట్ (మన పేరున పోగైన పెన్షన్ సొమ్ము) పెరుగుదల పక్కన పెట్టి వేసినవి. పైగా ఇవి కంపెనీ ఉద్యోగాల్లో జమయ్యే పాట్‌ల గురించి మాత్రమే. ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ లాంటి వాటిలో పాట్ అనేదే ఉండదు. నెలనెలా ఇంతని రాసిచ్చేస్తారు కాబట్టి ఇష్టమొచ్చినంత తీసుకునే వీలు లేదు. డాక్టర్లు, నర్సులు ఈ వ్యాసాన్ని పక్కన ఉన్న వేరే పాట్‌ల కోసం చదువుకోవాలి.

ఏడాదికో కుంచం

పర్సనల్ అలవెన్స్ 12,570 పౌండ్లు. 2021 నుంచి కదల్లేదు, 2031 ఏప్రిల్ దాకా కదిలించబోమని చెప్పేశారు. దీన్ని ఒక కుంచం అనుకోండి. ఏప్రిల్ 6న ఖాళీ కుంచం చేతికిస్తారు, వచ్చే ఏప్రిల్ 5న వెనక్కి తీసుకుంటారు. అందులో పట్టినంత ఆదాయానికి పన్ను లేదు. పొర్లితే 20 శాతం, మొత్తం ఆదాయం 50,270 దాటితే ఆపైన దానికి 40 శాతం. స్కాట్లండ్‌లో కుంచం ఇదే, పొర్లినదాని మీద రేట్లే వేరు.

ఖాళీగా వదిలేసిన కుంచం మళ్లీ రాదు. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. పెన్షన్‌లోకి డబ్బు వేయడానికి ఉన్న యాన్యువల్ అలవెన్స్‌కి మూడేళ్ల వెనకటిది కూడా వాడుకునే వీలుంది. దాని పేరు, దీని పేరు దగ్గరగా ఉండేసరికి రెండూ ఒకటే అనుకుంటారు. పర్సనల్ అలవెన్స్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఇక పాట్‌లో నాలుగో వంతు ఎలాగూ పన్ను లేకుండా వస్తుంది (జీవితకాలంలో మొత్తం 2,68,275 పౌండ్లు మించకుండా). మిగతా మూడు వంతులే కుంచంలో పడతాయి. అంటే వేరే ఆదాయం ఏమీ లేనివాళ్లు ఏడాదికి 16,760 పౌండ్లు తీయొచ్చు: 4,190 పన్ను లేని వాటా, 12,570 కుంచానికి సరిగ్గా సరిపోయే వాటా. సూత్రం చిన్నదే. మీ అలవెన్స్‌లో మిగిలింది ఎంతో చూసి, మూడుతో భాగించి నాలుగుతో గుణించండి.

బావగారికి స్టేట్ పెన్షన్ 67కి. ఇంకా అయిదేళ్లు. నాలుగేళ్లు 16,760 చొప్పున, అయిదో ఏడు మిగిలిన 12,960. ఎనభై వేలూ ఇంటికి చేరతాయి, పన్ను లేకుండా.

స్టేట్ పెన్షన్ రాగానే కథ మారుతుంది. పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ ఇప్పుడు వారానికి 241.30, అంటే ఏడాదికి 12,547 పైచిలుకు. కుంచంలో మిగిలేది 22 పౌండ్లు. స్టేట్ పెన్షన్ మీద పన్ను కోయకుండానే ఇస్తారు గానీ అది పన్ను లేని డబ్బు కాదు. కుంచం నింపేది మొదట అదే. ఉద్యోగం ఆగిన రోజుకీ, స్టేట్ పెన్షన్ మొదలయ్యే రోజుకీ మధ్య ఉన్న ఏళ్లే అసలు విలువైనవి. "ఇప్పుడు అవసరం లేదుగా" అని చాలామంది ముట్టుకోకుండా వదిలేసేవీ అవే. అవసరం లేకపోతే తీసి ఐసాలో (పన్ను లేని పొదుపు ఖాతాలో) వేసుకోండి. ఏడాదికి 20,000 దాకా పడుతుంది, అక్కడ్నుంచి ఎప్పుడు తీసినా పన్ను లేదు.

తీసే పద్ధతులు: ఏది ఎవరికి

యూఎఫ్‌పీఎల్‌ఎస్ అని ఒక పలకలేని పేరు ఉంది. తీసిన ప్రతిసారీ ఆ మొత్తంలో నాలుగో వంతు పన్ను లేకుండా, మిగతాది పన్ను లెక్కలోకి. పైన చెప్పిన 16,760 లెక్క దీనిదే.

ఫ్లెక్సీ డ్రాడౌన్‌లో పన్ను లేని నాలుగో వంతును ముందే తీసుకోవచ్చు. బావగారి విషయంలో మొదటి రోజే 20,000 చేతికి. మిగిలిన 60,000 నుంచి ఏడాదికి 12,570 మించకుండా తీస్తే దీనికీ పన్ను సున్నాయే, దీనికీ అయిదేళ్లే. మరి తేడా ఏమిటంటే, ఇరవై వేలతో ఏం చేస్తారన్నదే. మార్ట్‌గేజ్ మిగిలి ఉండి వడ్డీ కడుతుంటే డ్రాడౌన్ మంచిది, ముందే తీర్చేయొచ్చు. అలాంటి పని ఏదీ లేక ఆ డబ్బు కరెంట్ అకౌంట్‌లో పడుకునేట్టయితే నా ఓటు యూఎఫ్‌పీఎల్‌ఎస్‌కే. పాట్‌లోనే ఉంటే అది పెరిగేకొద్దీ పన్ను లేని వాటా కూడా పెరుగుతుంది. ఇంకొకటి, నాలుగో వంతు ముందే తినేసినవాళ్లు స్టేట్ పెన్షన్ వచ్చాక తీసే ప్రతి వంద మీదా 20 కడతారు. వాటా మిగుల్చుకున్నవాళ్లు అదే వంద మీద 15 కడతారు. పెద్ద పాట్ ఉన్నవాళ్లకి ఈ అయిదూ లెక్కలోకి వస్తాయి.

డ్రాడౌన్‌ని ముక్కలు ముక్కలుగా కూడా చేయొచ్చు. ఈ ఏడాది పాట్‌లో కొంత భాగాన్ని మాత్రమే కదిపి, అందులోని నాలుగో వంతు తీసుకుని, మిగతాది అలాగే ఉంచేయడం. ఇంకా ఉద్యోగం చేస్తూ, పిల్ల పెళ్లికో ఇంటి పైకప్పుకో డబ్బు కావలసినవాళ్లకి ఇదే దారి. ఎందుకో కింద నా సొంత కథలో చెబుతాను.

యాన్యుటీ గురించి ఎక్కువ చెప్పను. పాట్ ఇచ్చేసి దాన్ని కొనుక్కుంటే బతికున్నంతకాలం నెలనెలా వస్తుంది, దిగులు లేదు. కానీ ఖాళీ కుంచాల లెక్కకి అది పొసగదు. ఖాళీగా ఉన్న ఈ అయిదేళ్లలోనూ కొంచెమే, ఆ తర్వాత కుంచం నిండిపోయాకా కొంచెమే పోస్తూ ఉంటుంది. 75 దాటాక మార్కెట్ చూసుకునే ఓపిక ఉండదనుకునేవాళ్లు అప్పుడు ఆలోచించుకోవచ్చు.

పాత ఉద్యోగాల తాలూకు చిన్న చిన్న పాట్‌లు చాలామందికి ఉంటాయి. ఒక్కొక్కటి 10,000 లోపు ఉంటే ఆ పాట్‌ని పూర్తిగా తీసేసే ప్రత్యేక పద్ధతి ఉంది, సొంతంగా పెట్టుకున్న పర్సనల్ పెన్షన్లలో ఇలా మూడింటి దాకా చేయొచ్చు. పన్ను లెక్క మామూలే, నాలుగో వంతు వదిలి మిగతాది కుంచంలోకి. దీని అసలు గొప్ప వేరే ఉంది, అదీ నా కథలోనే వస్తుంది.

55 నిండనిదే ఇవేవీ కుదరవు. 2028 ఏప్రిల్ 6 నుంచి ఆ వయసు 57. అంతకుముందే తీయించి పెడతామని ఫోన్ చేసేవాళ్లని నమ్మితే పన్నే 55 శాతం దాకా పడుతుంది, వాళ్ల ఫీజు కాక.

నా తలకు తగిలిన రెండు దెబ్బలు

నాకు 58. ఒక కాంట్రాక్టు 2025 మార్చిలో అయిపోయింది, తర్వాతది దొరకడానికి ఏడాది పట్టింది. ఏడాదంతా కుంచం ఖాళీ. తెలివిగా జూలైలో 16,760 ఒకేసారి అడిగాను. బ్యాంకులో పడింది చూస్తే 12,700 చిల్లర. ఫోన్‌లో స్క్రీన్ పైకీ కిందికీ జరిపి మళ్లీ చూశాను, అంతే ఉంది. స్లిప్పులో పన్ను కోడ్ 1257ఎల్ ఎం1 అని ఉంది. ఆ చివరి ఎం1 దగ్గరే ఉంది కిటుకు.

పెన్షన్ కంపెనీ దగ్గర మన సరైన కోడ్ లేనప్పుడు, ఆ నెలలో ఇచ్చిన మొత్తం ప్రతి నెలా వస్తుందనుకుని పన్ను కోస్తారు. నాకు పన్ను లెక్కలోకి వచ్చిన 12,570ని నెల జీతంలా చూశారు. ఆ నెల వాటా అలవెన్స్ 1,047 మాత్రమే. మిగతాది 20 శాతం, 40 శాతం, చివర్లో కొంత 45 శాతంలోకి కూడా వెళ్లింది. కట్టాల్సింది సున్నా, కోసింది నాలుగు వేల పైన. డబ్బు పోలేదు, పీ55 ఫారం ఆన్‌లైన్‌లో నింపితే వెనక్కి వచ్చింది. కానీ ఆ డబ్బు మీద పెట్టుకున్న పనులన్నీ ఆగాయి, టెన్షన్ వేరే. పాట్ మొత్తం ఖాళీ చేసినవాళ్లకి ఫారాలు వేరు: వేరే ఆదాయం ఉంటే పీ53జెడ్, లేకపోతే పీ50జెడ్.

దీన్ని తప్పించుకునే మార్గాలు రెండు. మొదటిది నెలనెలా తీసుకోవడం. 16,760ని 12తో భాగిస్తే నెలకి 1,396. అందులో పన్ను లెక్కలోకి వచ్చేది 1,047, సరిగ్గా నెల అలవెన్స్ అంత. అప్పుడు ఎం1 కోడ్ ఉన్నా కోయడానికి ఏమీ ఉండదు. ఏప్రిల్ నుంచే మొదలుపెట్టాలి మరి. రెండోది, ముందు ఒక వంద పౌండ్లు తీయడం. దానితో పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ నుంచి కంపెనీకి సరైన కోడ్ వెళ్తుంది, ఆ తర్వాత పెద్ద మొత్తం తీయడం. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కోడ్ సరైనదే అయినా అలవెన్స్ నెలనెలా పోగవుతుంది. నవంబరు మధ్యలో తీస్తే అప్పటికి ఎనిమిది నెలల వాటా 8,380 మాత్రమే పోగై ఉంటుంది, పైదానికి తాత్కాలికంగా 20 శాతం కోస్తారు. మార్చి 6 తర్వాత చేతికి వచ్చేట్టు తీస్తే పన్నెండు నెలల వాటా పూర్తిగా ఉంటుంది. అలాగని మార్చి ఆఖరి దాకా కూర్చోకండి. అడిగిన తేదీ కాదు, చెల్లించిన తేదీ లెక్క. ఏప్రిల్ 6న పడితే అది వచ్చే ఏడాది కుంచంలోకి పోతుంది. నేనైతే ఫిబ్రవరిలోనే కాగితాలు మొదలుపెడతాను.

రెండో దెబ్బ గట్టిది, దానికి ఫారం లేదు. కొత్త కాంట్రాక్టు దొరికాక నా లిమిటెడ్ కంపెనీ నుంచి ఎప్పటిలాగే పెన్షన్‌లోకి పెద్ద మొత్తం వేద్దామనుకుంటే అకౌంటెంట్ ఆపేశారు. మామూలుగా ఏడాదికి 60,000 దాకా వేసుకోవచ్చు. పాట్‌లోంచి పన్ను లెక్కలోకి వచ్చే డబ్బు ఒక్కసారి, ఒక్క పౌండు తీసినా సరే, ఆ పరిమితి 10,000కి పడిపోతుంది, మళ్లీ పెరగదు. నేను యూఎఫ్‌పీఎల్‌ఎస్ తీసిన రోజే పడిపోయింది. ఆ వంద పౌండ్ల చిట్కాకీ ఇదే వర్తిస్తుంది. పన్ను లేని నాలుగో వంతు మాత్రమే తీస్తే పరిమితి పడదు. 10,000 లోపు చిన్న పాట్ ప్రత్యేక పద్ధతిలో తీసినా పడదు. నాకు అప్పట్లో ఒక 9,000 పాట్ వేరే ఉంది. దాన్ని అలా తీసి ఉంటే కుంచంలో సగం దాకా నిండేది, నా 60,000 నాకు ఉండేది.

కాబట్టి మళ్లీ పనిచేసే ఉద్దేశం ఏ మూలైనా ఉన్నవాళ్లు, ముఖ్యంగా కాంట్రాక్టర్లు, 16,760 లెక్క చూసి ఉబ్బిపోకండి. బావగారు ఇక ఆఫీసు మొహం చూడనని ఒట్టేశారు కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు.

మన కుంచంలో ముందే ఏముంది?

ఇక్కడి ఇంగ్లిష్ గైడ్లు చెప్పని మాటలు కొన్ని మనకి ఉంటాయి. కూకట్‌పల్లిలోనో ఎంవీపీ కాలనీలోనో ఫ్లాట్ అద్దెకి ఇచ్చి ఉంటే, బ్రిటన్‌లో నివాసి అయినవాళ్లకి ఆ అద్దె కూడా ఇక్కడి ఆదాయమే. ఇండియాలో కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ ఇస్తారు, కానీ కుంచంలో చోటు మాత్రం అది ఆక్రమిస్తుంది. ఖర్చులు పోను అద్దె ఏడాదికి 4,000 పౌండ్లు అనుకుంటే మిగిలేది 8,570. నాలుగు బై మూడు సూత్రంతో తీయగలిగింది 11,426.

ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అందుకని ఇక్కడ చెప్పనక్కర్లేదనుకునేవాళ్లు నాకు తెలిసి డజను మంది ఉంటారు. చెప్పాలి. అయితే వడ్డీకి వేరే గిన్నె ఉంది. పెన్షన్, జీతం, అద్దె అన్నీ కలిపి 12,570 లోపే ఉంచుకుంటే, ఆపైన 5,000 దాకా వడ్డీకి సున్నా రేటు, దాని మీద ఇంకో 1,000 పర్సనల్ సేవింగ్స్ అలవెన్స్. మొత్తం ఆరు వేలు. పెన్షన్ ఎక్కువ తీసి 12,570 దాటిస్తే, దాటిన ప్రతి పౌండుకీ ఆ 5,000లో ఒక పౌండు తరుగుతుంది. ఒక తప్పుకి రెండు చోట్ల జరిమానా అన్నమాట.

ఉద్యోగం ఏడాది మధ్యలో మానేస్తే అప్పటిదాకా వచ్చిన జీతం కుంచంలో ఉన్నట్టే. సెప్టెంబరు దాకా పనిచేసి 20,000 జీతం తీసుకున్నవాళ్లు ఆ ఏడాది పాట్ జోలికి పోకుండా ఏప్రిల్ 6 దాకా ఆగడం మేలు. బావగారు మార్చిలో మానేసినా, వాడుకోని సెలవుల డబ్బు ఏప్రిల్ 30న పడింది. అది ఈ ఏడాది లెక్కలోకే వచ్చింది, దాని మేరకు 16,760ని తగ్గించుకున్నాం.

స్టేట్ పెన్షన్ అందరికీ పూర్తిగా రాదు. 35 ఏళ్లు నేషనల్ ఇన్సూరెన్స్ చందా కట్టి ఉండాలి, మనలో చాలామంది ముప్ఫైల్లో ఇక్కడికి వచ్చినవాళ్లమే. 24 ఏళ్లే కట్టి ఉంటే వచ్చేది ఏడాదికి దాదాపు 8,604. అలవెన్స్‌లో 3,966 మిగులుతుంది, అంటే ఆ తర్వాత కూడా ఏటా 5,288 దాకా పన్ను లేకుండా తీయొచ్చు. వాళ్లు అయిదేళ్లలోనే అంతా ఊడ్చేయాలని హడావిడి పడక్కర్లేదు.

ఇద్దరున్న ఇల్లు

కుంచం మనిషికొకటి. ఇద్దరికీ పాట్‌లుంటే, ఇద్దరూ పని మానేస్తే ఏడాదికి 33,520. కానీ ఒకరి పాట్‌ని ఇంకొకరి పేరుకి మార్చడం విడాకుల్లో తప్ప కుదరదు. అందుకే నలభైల్లో ఉన్నవాళ్లు ఇప్పుడే రెండో పాట్ మొదలుపెట్టాలి. సంపాదన లేని భార్య పేరున కూడా ఏడాదికి 2,880 వేస్తే ప్రభుత్వం 720 కలిపి 3,600 చేస్తుంది.

బావగారు మారేజ్ అలవెన్స్ సంగతి అడిగారు. తన అలవెన్స్‌లో 1,260 అక్కయ్యకి ఇస్తే, ఆమెకి జీతంలో 252 పౌండ్ల పన్ను తగ్గుతుంది. కానీ ఆ 1,260 మేరకు ఈ ఏడాది తీయకుండా, అది స్టేట్ పెన్షన్ మొదలయ్యేదాకా పాట్‌లో మిగిలిపోతే, అదే మొత్తం మీద 20 శాతం, అంటే అదే 252 కట్టాలి. అప్పుడు ఏ చేత్తో తీసుకున్నా ఒకటే. పాట్ చిన్నదై అలవెన్స్ ఎలాగూ నిండనివాళ్లు మాత్రం తప్పకుండా బదిలీ చేసుకోవాలి.

పిల్లలకి వదిలేద్దామని, ఇండియా వెళ్దామని అనుకునేవాళ్లకి

"పెన్షన్ చివర్న ముట్టుకో, ముందు ఐసా వాడుకో" అని ఇన్నాళ్లూ చెప్పినదానికి కారణం, పాట్ వారసత్వ పన్ను లెక్కలోకి రాకపోవడం. 2027 ఏప్రిల్ 6 నుంచి వాడకుండా మిగిలిన పాట్ కూడా ఆస్తిలో కలుస్తుంది. భార్యకో భర్తకో వెళ్తే పన్ను లేదు, పిల్లలకి వెళ్తే పరిమితులు దాటినదాని మీద 40 శాతం. పాట్ ఉన్న మనిషి 75 దాటాక చనిపోతే, తీసుకునే పిల్లలు దానిమీద ఆదాయపు పన్నూ కడతారు. లండన్ చుట్టుపక్కల సొంత ఇల్లున్నవాళ్లు ఆ పాత సలహాని మర్చిపోవచ్చు.

తిరిగి వెళ్లిపోయేవాళ్లకి ఇంకో విషయం. అక్కడి నివాసి అయ్యాక, రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం ప్రైవేటు పెన్షన్ మీద పన్ను హక్కు ఇండియాది. నాలుగో వంతుకి పన్ను లేదన్నది బ్రిటన్ చట్టం. ఇండియా దాన్ని ఒప్పుకోవాలన్న నియమం ఏమీ లేదు. తీయదలచుకున్నది ఇక్కడ ఉండగానే తీసేసుకుని వెళ్లడం చిక్కులేని పని. వెళ్లాక స్టేట్ పెన్షన్ కూడా మొదలైన రేటు దగ్గరే ఆగిపోతుంది, ఏటా పెరగదు.

బావగారి సంగతికొస్తే, సోమవారం కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ల పథకంలో విడతల వారీగా తీసే వీలే లేదన్నారు. మొత్తం తీసుకో, లేదా వేరే చోటికి మార్చుకో. పాత పథకాల్లో ఇది మామూలే. మార్చే ముందు ఒకటి అడగమన్నాను: గ్యారంటీ యాన్యుటీ రేటు లాంటి పాత హామీలు ఏమైనా ఉన్నాయా అని. ఉంటే, వాటి విలువ 30,000 దాటితే, అడ్వైజర్ సంతకం లేకుండా కదపనివ్వరు. చాలాసార్లు కదపకపోవడమే లాభం కూడా. ఆయన పాట్‌లో అలాంటివేమీ లేవు. 50 దాటినవాళ్లకి ప్రభుత్వ సలహా సేవ పెన్షన్ వైజ్‌లో ఉచితంగా గంటసేపు మాట్లాడతారు, అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. ఈలోగా అక్కయ్య పైనుంచి ఒక అట్టపెట్టె దింపింది. 2009లో పనిచేసిన ఆఫీసు తాలూకు కాగితాలు, పాట్‌లో 6,400. "ఇది చిన్నదేగా, దీన్నేం చేద్దాం?" అంది. ఆమె ఇంకా ఉద్యోగంలోనే ఉంది, కుంచం జీతంతోనే నిండింది. ఉండనివ్వమన్నాను.